కొత్త గిర్నిలో మొదటి పిడికెడు

ఆ రోజుల్లో అని మొదలుపెట్టే వయసు నాకింకా రాలేదు. తల నెరవలేదు, కళ్లకు జోడు పడలేదు, చెప్పబోయేది జరిగి గట్టిగా ఐదేళ్లయి ఉంటుంది. అయినా ఆ రోజుల్లో అనే అంటాను, ఎందుకంటే అప్పటి పిల్లకూ ఇప్పటి నాకూ పెద్దగా పరిచయం లేదు. సర్కారు కాగితం మీద అచ్చయిన ప్రతి మాటా నిజమై తీరుతుందని ఆ పిల్ల నమ్మేది. డిగ్రీలో ఆహార శాస్త్రం చదివింది (మా ఊళ్లో దాన్ని "వంటల డిగ్రీ" అనేవాళ్లు. నేను వండిన అన్నం ఒకసారి తిన్నాక ఆ మాట అనడం మానేశారు). చదువు అయిన ఏడాదికే ఉద్యోగం దొరికింది. ఊళ్లలో చిన్న చిన్న ఆహార పరిశ్రమలు పెట్టించే సర్కారు పథకంలో, మహబూబాబాద్‌లో, తాత్కాలికం. పాలకుర్తిలో బస్సెక్కించడానికి వచ్చిన మా బాపు పెట్టె సర్దుతూ అడిగాడు, "ఇంతకు నువ్వు చేసే పనేంది బిడ్డా?" అని. "ఫుడ్ ప్రాసెసింగ్ బాపూ. మిరపకాయలున్నయనుకో, వాటిని కారం చేయించి విలువ పెంచుడు" అన్నాను. బాపు పెట్టెను సీటు కిందికి తోసి, "కారం మీ అమ్మ ఎప్పటిసందో చేస్తున్నది. దాని విలువ మనం గుర్తించలే గంతే" అన్నాడు. ఆ మాటకు అప్పుడు నాకు కోపం వచ్చింది.

మానుకోటలో (మహబూబాబాద్‌ను మా వైపు అట్లాగే అంటాం) నా పైన ఒక పెద్దసారు ఉండేవాడు. మంచివాడే, కానీ ఏ వాక్యమైనా "పైనుంచి" అనే మాటతోనే మొదలుపెట్టేవాడు. పైనుంచి ఫోనొచ్చింది, పైనుంచి ఫార్మాట్ మారింది, పైనుంచి ఫొటోలు అడుగుతున్నారు. ఆ పైన ఉన్నది ఎవరో నేనెప్పుడూ చూడలేదు, ఆయనా చూసి ఉండడనే నా అనుమానం. మా జిల్లాకు పైనుంచి వచ్చిన పంట మిరప. కాబట్టి నా పని, ఒక మహిళా సంఘాన్ని పట్టుకుని, సబ్సిడీలో కారం పట్టే యంత్రం ఇప్పించి, వాళ్లు చేసిన కారానికి లేబులు వేయించి అమ్మకంలో పెట్టించడం. వినడానికి ఎంత సులువు! ఇందులో నాలుగు ముక్కలే ఉన్నాయని చేతి వేళ్ల మీద లెక్కపెట్టుకున్న రోజు నాకింకా గుర్తు.

మానుకోటకు స్కూటీ మీద ముప్పావు గంట దూరంలో ఒక ఊరు. అక్కడి సంఘానికి పెద్ద ఒక అక్క, అందరూ లీడరక్క అనేవాళ్లు. చలికాలం చివర నుంచి ఎండలు ముదిరేదాకా ఆమె పని ఇతరుల చేలల్లో మిరప ఏరడం. తెలియని వాళ్లకు అది పూలు కోసినంత అందంగా కనబడుతుంది. పొద్దంతా పండు మిరప తెంపిన చేతికి మంట చర్మం లోపలికి దిగుతుంది, సబ్బుకు పోదు. సాయంత్రం ఇంటికొచ్చి మూడేళ్ల బిడ్డ ముఖం కడగబోయి ఆమె చెయ్యి వెనక్కి తీసుకోవడం నేను కళ్లారా చూశాను. బిడ్డకు అన్నం కూడా అత్తే కలిపి పెట్టేది. ఆ రోజు లీడరక్క నన్ను ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. "మేడం, నువ్వు చెప్పే మిషిని వస్తే నేనింక ఏరను పోవుడు ఉండదా?"

"ఉండదక్కా. వచ్చే ఏరుళ్లకు నువ్వు నీ గిర్ని కాడనే ఉంటవ్. నాదీ మాట" అన్నాను. ఇరవై మూడేళ్ల వయసులో మాట ఇవ్వడం ఎంత తేలిక! ఆమె ఆ మాట పట్టుకుని, ఏటా పిలిచే ఆసామికి ఈ ఏడు నేను రానని చెప్పేసింది. కూలీల ఆటోలో ఆమె కూర్చునే చోటు ఇంకొకరికి పోయింది. ఈ సంగతి ఆమె నాకు సంతోషంగా చెప్పింది, నేనూ సంతోషంగానే విన్నాను.

ఇక కాగితాల సంగతి. దరఖాస్తు కంప్యూటర్లో నింపాలి. ఆ కంప్యూటర్ మధ్యాహ్నం పూట మనతో మాట్లాడదు, పొద్దున మాట్లాడుతుంది కానీ మధ్యలో మరిచిపోతుంది. పదకొండో పేజీకి వచ్చాక మళ్లీ మొదటి పేజీ చూపించి, మీరెవరని అడుగుతుంది. అది దాటితే ప్రాజెక్టు రిపోర్టు. అందులో "మీ వ్యాపారానికి పోటీదారులు ఎవరు?" అని ఒక గడి. లీడరక్కను అడిగితే ఏమాత్రం తడుముకోకుండా "మా తోటికోడలు" అంది. "పరిశ్రమ వల్ల పరిసరాలకు కలిగే ఇబ్బందులు?" అని ఇంకో గడి. "తుమ్ములు" అంది వాళ్లత్త, గోడకు ఆనుకుని వక్క నములుతూ. (ఈ అవ్వను గుర్తుపెట్టుకోండి. అప్పట్లో నేను పెట్టుకోలేదు, అదే నా ఖర్మ.) ఈ రెండు జవాబులూ నిజాలే, కానీ నేను రెండింటినీ కొట్టేసి ఏవో పెద్ద మాటలు రాశాను. యంత్రం మంజూరయ్యాక దానికి మూడు ఫేజుల కరెంటు కావాలని తెలిసింది, ఊళ్లో యంత్రం పెట్టబోయే షెడ్డు వరకు ఉన్నది ఒకటే ఫేజు. లైన్‌మెన్ అన్న రేపు రేపంటూ వాయిదా వేస్తూ పోయాడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇయ్యడంటారు, నాకు దేవుడి దాకా పోకముందే ఏడుగురు పూజారులు తగిలారు. రోజూ ఆ దారిలో దుమ్ము తిని, రాత్రి గదికొచ్చి అద్దంలో చూసుకుంటే ముఖం అచ్చం కల్లంలో ఎండిన మిరపకాయలాగే ఉండేది.

ఎట్లాగైతేనేం, ఒక మంచి రోజు యంత్రం నడిచింది. మేం కాగితాల్లో దాన్ని సూక్ష్మ ఆహార శుద్ధి యూనిట్ అన్నాం, ఊరు మాత్రం మొదటి గంటలోనే కారం గిర్ని అని పేరు పెట్టేసింది. పెద్దసారు జీపులో వచ్చాడు. "పైనుంచి మనకు ఇదొక సువర్ణావకాశం" అని మొదలుపెట్టి అరగంట మాట్లాడాడు. ఇంతలో పైనుంచి కావలసిన ఫొటో నా నెత్తిన పడింది. ఆ ఫొటోలో బ్యానరు కనబడాలి, యంత్రం కనబడాలి, సంఘం సభ్యులందరూ తలలకు తెల్ల టోపీలతో కనబడాలి, సారు కొబ్బరికాయ కొడుతూ కనబడాలి. అందరూ ఒకే ఫొటోలోకి రావాలంటే నేను వెనక్కి, ఇంకా వెనక్కి జరగాలి. జరుగుతూ జరుగుతూ పక్కింటివాళ్ల పెంటకుప్పలో మోకాలి దాకా దిగిపోయాను. దిగిపోయినా క్లిక్కు మాత్రం సరిగ్గా కొట్టాను, ఆ ఫొటో బాగా వచ్చిందని పైనుంచి మెచ్చుకోలు కూడా వచ్చింది. నేను కాలు కడుక్కుని వచ్చేసరికి ఎర్రటి కారం సంచిలోకి దిగుతోంది, ఊరంతా తుమ్ముతోంది. మొదటి కారం నుంచి ఒక డబ్బా నింపి, మూత బిగించి, సీలు వేసి ల్యాబుకు పంపాను. ల్యాబు సరే అంటేనే లేబులు, లేబులు ఉంటేనే అమ్మకం.

మూడు వారాల తర్వాత కాగితం వచ్చింది. నమూనాలో పసుపు ఆనవాళ్లు ఉన్నాయి, ఇది శుద్ధమైన మిరప కారం కాదు, తిరస్కరించడమైనది. స్కూటీ మీద ఊరికి పోయి, సంఘంలో ఉన్న పదిమందిని వరసగా కూర్చోబెట్టి, "అక్కా, కారంల ఏమన్న కలిపినరా? నిజం చెప్పుండ్రి" అన్నాను. "అయ్యో, ఏం కలుపలే మేడం, నీ మీద ఒట్టు" అని పదిమందీ ఒట్టు పెట్టారు. లీడరక్కయితే బిడ్డ నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేసింది. ఆ చెయ్యి అప్పటికి మంట లేకుండా ఉంది కాబట్టి బిడ్డ ఏడవలేదు. అవ్వ వక్క నములుతూ, "మాకేం పనే పిల్లా కలుపనీకి, మిరపకాయలు గట్లనే మస్తు మంచిగున్నయి" అంది. అందరూ నిజమే చెబుతున్నట్టుంది. మరి పసుపు ఎక్కడిది? సంచుల మీద అనుమానపడి కొత్త సంచులు కొనిపించాను. కాయలు ఎండబోసిన కల్లం మీద అనుమానపడి అక్కడ అంతకుముందు పసుపు కొమ్ములేమైనా ఎండాయా అని ఆసామిని నిలదీశాను. ల్యాబు మీద కూడా అనుమానపడ్డాను (అది బయటకు అనలేదు, ఉద్యోగం కదా). చివరికి యంత్రాన్ని ముక్క ముక్కగా విప్పించి, కడిగించి, ఆరబెట్టించి, మళ్లీ బిగించమని చెప్పాను. ఆ పని పూర్తయిన రోజు నేను మానుకోటలో మీటింగులో ఉన్నాను. వాళ్లు కారం పట్టి ఉంచితే, మర్నాడు పోయి రెండో డబ్బా నింపి పంపాను.

రెండో కాగితంలో పసుపు మొదటిసారి కంటే ఎక్కువే ఉంది. పెద్దసారు ఆ కాగితం నా ముందు పెట్టి, మొదటిసారి "పైనుంచి" అనకుండా మాట్లాడాడు. "చూడమ్మా, మూడోసారి కూడా గిట్లనే అయితే మిషిని ఎత్తుకపోయి భూపాలపల్లి దిక్కు సంఘానికి ఇచ్చుడే. వాళ్లు లైన్ల నిలబడి ఉన్నరు. నేను ఇంక ఆపలేను." భూపాలపల్లి అక్కల మీద నాకు ఏ కోపమూ లేదు, కానీ ఆ రాత్రి వాళ్లను తలుచుకుని పళ్లు కొరికాను.

మర్నాడు ఊరికి పోతుంటే దారిలో మిరప చేలు ఎర్రగా కనబడ్డాయి. ఏరుళ్లు మొదలయ్యాయి. కూలీల ఆటో ఎదురొచ్చింది, సంఘంలో ఇద్దరు అందులోనే ఉన్నారు, నన్ను చూసి ముఖాలు పక్కకు తిప్పుకున్నారు. షెడ్డు ముందు లీడరక్క ఒక్కతే కూర్చుని ఉంది. సంగతి చెప్పాను. ఆమె నన్ను తిట్టి ఉంటే ఎంత బాగుండేది! "పోనియ్ మేడం, నువ్వేం జేస్తవ్. ఈసారి ఒక్కపాలి చూద్దాం. కాకుంటే సోమవారం నుంచి నేను గూడ ఆటో ఎక్కుత. ఆసామిని బతిమిలాడుత, ఏడనన్న చోటిస్తడు" అంది. అని తన అరచేతులు ఒకసారి తిప్పి చూసుకుని కొంగులో పెట్టుకుంది. నాకు ఏడుపొచ్చింది. నా ఉద్యోగం పోతే పాలకుర్తిలో మా బాపు అన్నం పెడతాడు, ఈమె నమ్మింది నా మాటను. ఆ రోజే అక్కడే నిలబడి, నా కళ్లముందే యంత్రాన్ని మళ్లీ విప్పించి, మళ్లీ కడిగించి, ఆరేదాకా ఎండలో కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నాను. ఈగను కూడా దగ్గరికి రానివ్వలేదు. సాయంత్రం నాలుగింటికి బిగించారు. లీడరక్క స్విచ్చు వేసింది. యంత్రం గుర్రుమంది. కాయల గంప ఎత్తబోతుంటే, "ఆగు కోడలా" అంటూ అవ్వ లేచి వచ్చింది, బొడ్లో దోపుకున్న సంచి ముడి విప్పి, పిడికెడు పసుపు తీసి, కళ్లు మూసుకుని, యంత్రం నోట్లో పోసేసింది.

నేను పెట్టిన కేకకు చెట్టు మీది కాకులు లేచిపోయాయి. "ఏం జేస్తున్నవ్ అవ్వా!"

"ఏం జేసిన? మొదలువెడ్తున్న" అంది అవ్వ, నా కంటే ఎక్కువ ఆశ్చర్యపోయి.

"ఏం కలుపలే అని ఒట్టు పెడ్తిరి గదా అందరు!"

"కలిపినమా పిల్లా? కలుపుడు వేరు, మొదలువెట్టుడు వేరు. కొత్త గిర్నిల ముందుగాల కారం పోస్తరా ఎవలన్న? ఇంటింట్ల కొట్లాటలైతయి. ముందుగాల పసుపు పడాలె, అటెనుక ఏదన్న పడని."

"కొత్తదంటే ఒక్కసారి! మళ్ల మళ్ల పోసుడెందుకు?"

"నువ్వే గదనే విప్పుమంటివి, కడుగుమంటివి, మళ్ల బిగియ్యమంటివి! విప్పి బిగిస్తే కొత్తదే గద. పోయినసారి నువ్వు మస్తు పరేషాన్ల ఉన్నవని రెండు పిడికిళ్లు పోసిన, నీ పని మంచిగ కావాల్నని."

నేను కుర్చీలో కూలబడ్డాను. ఎంత శ్రద్ధగా కడిగిస్తే అంత పసుపు పడింది. అవ్వ మీద కోపంతో నోటికొచ్చిందల్లా అన్నాను, నీ పసుపు నీ కోడలి నోట్లో మన్ను కొట్టిందన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. అవ్వ వక్క నమలడం ఆపేసింది. ఆమె ముఖం చూడలేక ఫోను తీసి ఊరికే తిప్పుతుంటే ప్రారంభోత్సవం నాటి ఫొటో కనబడింది. పెద్దది చేసి చూశాను. బ్యానరు, సారు, కొబ్బరికాయ, టోపీలు, అన్నీ ఉన్నాయి. ఆ టోపీల వెనక ముడతలు పడ్డ చెయ్యి ఒకటి, యంత్రం నోటి మీద, వేళ్ల సందుల్లోంచి జారుతున్న పసుపుతో స్పష్టంగా ఉంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ఆ సాక్ష్యాన్ని నేనే తీసి, నేనే పైకి పంపి, మెచ్చుకోలు కూడా తీసుకుని, సంచుల వెంట, కల్లాల వెంట తిరిగాను. మోకాలి దాకా పెంటలో దిగి తీసిన ఫొటో మరి!

లీడరక్క కూడా ఫోనులోకి తొంగిచూసింది. చాలాసేపు చూసి, మెల్లగా అడిగింది, "మేడం, పసుపు ఉన్నదని వాళ్లు రాస్తే తప్పయితున్నది. ఉన్నదని మనమే ముందుగాల రాస్తే?"

"అంటే?"

"మనం ఇండ్లల్ల కూరకారం కొట్టుకుంటం గద, ధనియాలు, ఉప్పు, పసుపు ఏసి. ఒట్టి కారం ఎందుకు, కూరకారమే అమ్మితే? డబ్బా మీద పసుపు అని రాద్దాం. అప్పుడు అత్త పిడికెడు పోసినా తప్పుగాదు గద?"

మూడేళ్ల డిగ్రీ, రెండు వారాల శిక్షణ, ఎనిమిది నెలల తిరుగుడు, వీటిలో ఎక్కడా నాకు తట్టని మాట అది. ఉన్నదాన్ని ఉన్నట్టు రాసుకుంటే సరిపోతుందని, పసుపును తరిమే బదులు పేరు పెట్టి కూర్చోబెట్టొచ్చని! మర్నాడు పెద్దసారు, "పైనుంచి వచ్చింది మిరప, కూరకారం ఎక్కడ ఉంది?" అని మొదలుపెట్టాడు. నేను ఆయన బీరువాలోంచే మార్గదర్శకాల పుస్తకం తీసి, మిరపతో చేసే ఉత్పత్తులన్నీ అనే వాక్యం మీద వేలు పెట్టి, ఆయన ఔననేదాకా ఆ వేలు తియ్యలేదు. ఇక మిగిలింది కొలత. ఫారంలో పసుపు ఎన్ని గ్రాములని రాయాలి, మనదేమో అవ్వ పిడికెడు. "చేతి కొలత నడవదు అవ్వా, ఒక్కోసారి ఒక్కోతీరు వస్తది" అని, పంతానికి కాటా తెచ్చి ఆమె పిడికిలి తూచాను. మళ్లీ తూచాను. ఐదుసార్లు పోయించాను, ఐదుసార్లూ కాటా మీద అంకె కదలలేదు. అవ్వ వక్క మళ్లీ నోట్లో వేసుకుంది. నా మొన్నటి మాటను క్షమించిందని నాకు అట్లా తెలిసింది.

మూడో కాగితం రావడానికి మళ్లీ మూడు వారాలు. ఆ మూడు వారాలూ లీడరక్క ఆటో ఎక్కింది. నేను ఇచ్చిన మాట అంతమేరకు తప్పింది, దాన్ని దాచుకోను. కాగితం వచ్చిన రోజు చేను గట్టుకు పోయి చెప్పాను. ఆమె ఏరుతున్న గంప కింద పెట్టి, నా భుజం పట్టుకోబోయి, చెయ్యి మంట పెడుతుందని గుర్తొచ్చి, మోచేత్తో నన్ను ఒక్క పోటు పొడిచింది. ఆ తర్వాత ఆమె ఏరను పోలేదు.

నా ఉద్యోగం మాత్రం ఏడాదికే అయిపోయింది. పైనుంచి పథకం పేరు మారింది, తాత్కాలికులను ఇళ్లకు పంపించారు. చివరి రోజు అవ్వ నా చేతిలో ఒక గుడ్డముడి పెట్టింది, అందులో రెండు పసుపు కొమ్ములు. "నీ ఇంట్ల ఏ గిర్ని కొన్నా ముందుగాల గిది ఎయ్యి పిల్లా" అంది. సరే సరే అని తీసుకుని, బ్యాగులో వేసి మరిచిపోయాను.

ఇప్పుడు జనగామలో ఉంటున్నాం. వీధి చివరి దుకాణంలో ఆ కూరకారం ప్యాకెట్ దొరుకుతుంది. వెనక చిన్న అక్షరాల్లో మిరపకాయలు, ధనియాలు, ఉప్పు, పసుపు అని ఉంటుంది. ఆ చివరి మాట కోసమే నేను ప్యాకెట్ తిప్పి చూస్తాను. పోయిన వారం కొత్త మిక్సీ కొన్నాం. నేను ఆహార శాస్త్రం చదివిన మనిషిని, దేని ఆనవాలు దేంట్లో ఎన్ని రోజులుంటుందో నాకు తెలియని సంగతి కాదు. అయినా ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆ గుడ్డముడి వెతికి, ఒక కొమ్ము దంచి, మిక్సీలో వేసి తిప్పాను. వారం రోజులుగా మా ఇంట్లో కొబ్బరి చట్నీ పసుపుపచ్చగా వస్తోంది. మా ఆయన రోజూ గిన్నె ఎత్తి చూసి, "ఇందుల ఏమన్న కలుపుతున్నవా?" అని అడుగుతున్నాడు. "ఏం కలుపలే, నీ మీద ఒట్టు" అంటున్నాను, నిజంగానే.